వరస చెప్పి పిలిచిన పిల్ల

2025 సెప్టెంబరు ఇరవై ఒకటి, ఆదివారం, మహాలయ అమావాస్య. సాయంత్రం ఆరున్నర.

ఆదోనిలో కొండ కింద వీధిలో ఉన్న ఆ ఇంట్లో మధ్యాహ్నం పితృకార్యం జరిగింది. ఆ వాసన ఇంకా పోలేదు. నువ్వులు, నెయ్యి, తడిసిన దర్భ, వడలు వేగిన నూనె అన్నీ కలిసి గోడలకు పట్టుకొని ఉన్నాయి. భీమాబాయి గడప దగ్గర కూర్చొని, మర్నాడు మొదలయ్యే నవరాత్రికి వత్తులు చేస్తోంది. దూది పక్కింటివాళ్లు ఇచ్చింది. వాళ్లింట్లో ఇద్దరు పత్తిమిల్లులో పనికి పోతారు. కొడుకు గురురాజ, కోడలు వారిజ పూలకూ టెంకాయలకూ స్కూటరు మీద బజారుకు పోయినారు. నడిమింట్లో మనవరాలు అపూర్వ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. పద్నాలుగేళ్ల పిల్ల.

వాళ్లది మంత్రాలయం పక్కన మాధవరం. తరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు. గురురాజకు ఆదోనిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు సార్ ఉద్యోగం వచ్చిందని ఊరు వదిలినారు. ఆ వంశంలో ఎవరు ఎప్పుడు పుట్టినారు, ఎవరు ఏ తిథినాడు పోయినారు అని తెలుసుకోవాలంటే చుట్టాలందరూ భీమాబాయికే ఫోన్ చేస్తారు. ఏ సంవత్సరం, ఏ వారం, బయట వానా ఎండా, పురుడు ఎవరు పోసినారు... అంతా ఆమె నాలిక చివర ఉంటుంది. మహాలయానికి గురురాజ నీళ్లు వదులుతుంటే, వెనక తలుపు చాటున కూర్చొని ఒక్కొక్క పేరూ అందించేది ఆమే. పేరు, గోత్రం, వరస. వరస తెలియకుండా ఎవరికీ నీళ్లు వదలరు. తాతా, మేనత్తా, అన్నా, గురువా... ఏమౌతారో చెప్పి పిలవాల్సిందే.

ఆ మధ్యాహ్నం చివర ఒక పేరు ఎక్కువైంది. ఆ పేరు చెప్పించింది భీమాబాయే.

దాని వెనక పెద్ద కథ ఉంది.

అపూర్వకు నత్తి. మూడో ఏట మాటలు వచ్చినప్పటి నుంచీ ఉంది. "అమ్మా" అనడానికి కూడా ఆ పిల్ల పెదవులు రెండుమూడుసార్లు తలుపు తట్టినట్లు తట్టుకొనేవి. ఆదోని బడిలో చేరినాక అదీ మానేసింది. సైగలే. అట్లాంటి పిల్లకు పోయిన వేసవిలో స్వప్న స్నేహమైంది. స్వప్న తల్లిదండ్రులు కూలి పనికి పోతారు, ఆదివారం చర్చికి పోతారు. ఆ పిల్లకు నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఇంకొకడు ఉదయ్, వాళ్ల క్లాసువాడే. ముగ్గురూ కలిసి ముందరింట్లో ఒక ఆట మొదలుపెట్టినారు. క్యాలెండరు వెనక ఏరూ కొండలూ కోటా గీసుకున్నారు. పత్తి గింజలే ఆటకాయలు. ఇరవై ముఖాల నీలం పాచిక ఒకటి ఆన్‌లైన్లో తెప్పించుకున్నారు. ఆటలో ఎవరికి వాళ్లు ఒక వేషం. స్వప్న కమ్మరి. ఉదయ్ గాడిదను వెంటేసుకొని తిరిగే దొంగ. కథ నడిపించేది అపూర్వ. దారిలో ఎదురయ్యే మనుషులందరి మాటలూ ఆ పిల్లే మాట్లాడాలి.

"గాడిదకు కూడా పాచిక వేయల్ల. దానికీ ప్రాణముంది" అనేవాడు ఉదయ్.

"నీకంటే దానికే తెలివి ఎక్కువ. దాన్నే ఆడమను, నువ్వు బయట మేయి" అనేది స్వప్న.

భీమాబాయి వంటింట్లో నవ్వుకొనేది.

ఒకరోజు ముందరింట్లోంచి కొత్త గొంతు వినిపించింది. "నా పేరు తుంగ. ఏట్లో పుట్టి నడుపుతా, మనుషుల్ని అవతలి ఒడ్డుకు దాటిస్తా. నాకు ఇల్లు లేదు. ఎవరైనా మా ఇంటికి రమ్మని పిలిస్తే వస్తా." గలగలమని, ఎక్కడా ఆగకుండా, ఏరు పోయినట్లు పోయింది ఆ మాట. ఎవరి పిల్ల వచ్చిందా అని భీమాబాయి తొంగి చూసింది. మాట్లాడుతున్నది అపూర్వ! ఆ పూట ఆమె మంత్రాలయం స్వామి రాయలవారి పటం ముందు రెండు దీపాలు ఎక్కువ పెట్టింది.

తరువాత ఆ ఆట సంగతి బడి దాకా పోయి, ఇండ్లలో పెద్దలందరినీ పిలిచి మీటింగు పెట్టినారు.

ఎమ్మిగనూరు నుంచి పిల్లోన్ని ఆ బడికి పంపే ఒక పెద్దమనిషి లేచి, ఫోన్లో ఎవరిదో వాయిస్ మెసేజి గట్టిగా వినిపించినాడు. అది ఆట కాదంట. ఇరవై ముఖాలంటే ఇరవై దెయ్యాలంట. వేషం వేసిన పిల్లల ఒంట్లోకి వేరేవాళ్లు దిగుతారంట. ఆటలో వేషం చచ్చిపోయిందని ఒక పిల్లోడు కాలవలో దూకినాడంట. యాడ? ఒకరు హాలహర్వి అన్నారు, ఒకరు కౌతాళం అన్నారు. ఆ పిల్లోని పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

"మా కాలంలో గవ్వలేసి పచ్చీసు ఆడలేదా?" అని ఒకామె అడిగింది.

"పచ్చీసులో మనిషి మారిపోడు కదమ్మా. మీ పిల్ల గొంతు మారినప్పుడు తెలుస్తాది" అన్నాడాయన.

ఆ మాట భీమాబాయి గుండెలో దిగబడింది. నత్తి ఉన్న పిల్లకు నత్తి లేని గొంతు ఎట్ల వచ్చింది? మరి అది ఎవరిది?

గురురాజ అదే బడిలో సారు. నలుగురిలో తల ఎత్తుకోలేక, ఆ సాయంత్రమే పాచికా పటమూ తీసుకుపోయి స్టాఫ్ రూము బీరువాలో పెట్టి తాళం వేయించినాడు. కథ మధ్యలో ఆగిపోయింది. అపూర్వ సైగలు కూడా మానేసింది. అన్నం ముందు కూర్చుంటే మెతుకులు లెక్కపెడుతున్నట్లు ఉండేది. స్వప్న ఒకసారి గేటు దాకా వచ్చింది.

"అవ్వా, అది బాగా మాట్లాడతాందని మీరే కదా సంతోషపడితిరి?"

"పో తల్లీ. మళ్లీ పిలుస్తాంలే" అంది భీమాబాయి. పిలవలేదు.

ఆమెకు ఒకటే తోచింది. తుంగ అనేది ఏట్లో మునిగి పోయిన ఏదో పిల్ల. పిండం పెట్టేవాళ్లు లేక తిరుగుతోంది. నోరులేని మా పిల్లను చూసి ఆ నోట్లో చేరింది. దానికి కావలసింది పెట్టి పంపిస్తే, మా పిల్ల మాకు దక్కుతుంది.

మహాలయం నాడు తలుపు చాటు నుంచి ఆ మాటే చెప్పింది.

"ఇంకొక పేరుందప్పా. తుంగ."

గురురాజ చేతిలో నువ్వుల నీళ్లు అట్లే ఆగిపోయినాయి. "అది ఆటలో పేరు కదమ్మా."

"నువ్వు వదులు. పోనీ పాపం. గోత్రం మనదే చెప్పు."

"వరస? వరస ఏమని చెప్పేది?"

ఆమె ఆలోచించింది. దూరపు వరస చెబితే చేరుతుందో లేదో. "కూతురని చెప్పు."

"బతికున్న కూతురిని ఇంట్లో పెట్టుకొని..."

"దానికోసమే కదప్పా."

గురురాజ ఉపవాసంతో, పొగతో అలసిపోయి ఉన్నాడు. కళ్లు మూసుకొని గోత్రం చెప్పి, కూతురు తుంగ అని పిలిచి నీళ్లు వదిలినాడు. ఒక పిండం ఎక్కువ పెట్టినాడు.

అప్పుడు నడిమింటి గుమ్మంలో అపూర్వ నిలబడి ఉంది. చాలా రోజుల తర్వాత నోరు తెరిచింది.

"అ... అ... అజ్జీ. తుంగ చ... చచ్చిపోలేదు. పు... పుట్టనే లేదు. నే... నేను అనుకున్నా, అంతే. పుట్టని దానికి ఎ... ఎట్ల పెడతారు?"

భీమాబాయి నోటి మీద వేలు పెట్టి, కార్యం దగ్గర మాట్లాడొద్దని సైగ చేసింది.

మిద్దె మీద ఆకు పెడితే కాకులు వచ్చి అంతా తిన్నాయి. ఒక్క ముద్ద మాత్రం వదిలేసినాయి. దాని చుట్టూ తిరిగి, మెడలు వంచి చూసి, ఎగిరిపోయినాయి.

ఇప్పుడు ఆరున్నర దాటింది. దీపాలవేళ. భీమాబాయి వత్తుల పళ్లెం పక్కన పెట్టి లేవబోతుంటే కరెంటు పోయింది.

వీధిలో ఎవరో పిల్లలు ఓ అని అరిచి ఊరుకున్నారు. దూరంగా ఆటో ఒకటి పోయింది. తర్వాత ఏ సద్దూ లేదు. నువ్వుల వాసన మెల్లగా వెనక్కు తగ్గి, దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. తడి ఇసుక వాసన. ఏటి ఒడ్డున వరద తీసినాక వచ్చే వాసన. మాధవరంలో అయితే అది రోజూ ఉండేదే. ఆదోని దగ్గర ఏరు యాడా లేదు.

"అజ్జీ."

నడిమింట్లోంచి. ఆమె ప్రాణం లేచి వచ్చింది. పిల్ల పిలిచింది!

"ఏమమ్మా?"

"ఆకలైతాంది."

"ఉండు తల్లీ, దీపం పెట్టి..."

అప్పుడు తట్టింది. ఆకలి అనే మాటను అపూర్వ ఎప్పుడూ ఒక్క ఊపున అనలేదు.

అగ్గిపుల్ల మూడోసారికి వెలిగింది. ఆ వెలుతురులో నడిమిల్లు కనిపించింది. అపూర్వ గోడవైపు తిరిగి నిద్రపోతోంది. పెదవులు మూసుకొని ఉన్నాయి.

"ఆకలైతాంది అజ్జీ."

గొంతు అపూర్వ దగ్గర నుంచి రాలేదు. వంటింటి తలుపు దగ్గర నుంచి వచ్చింది.

పుల్ల చేతిని కాల్చి ఆరిపోయింది.

"ఎవరు?" అంది భీమాబాయి గుసగుసగా.

"నేనే. తుంగను. మధ్యాహ్నం నాయన పిలిచె కదా. వచ్చినా."

"నీకు... నీకు పెట్టినాం కదమ్మా."

"తిన్నా. కాకులు నాది ముట్టలేదు. నేనే మిద్దె ఎక్కి తిన్నా. సల్లగా ఉండె." కొంచెం ఆగింది. "అందరూ వచ్చినారు అజ్జీ. నువ్వు పేరు చెప్తాంటే ఒక్కొక్కరే ముందుకు పోయినారు. నేను అందరికీ వెనక నిలబడినా. నా ముందర శాంత అని ఒక పిల్ల ఉండె, ముక్కుపుడక పెట్టుకొని. నేను చెయ్యి పట్టుకోబోతే ఇడిపించుకొనె. నువ్వెవరో నాకు తెలీదు అనె."

శాంత భీమాబాయి చెల్లెలు. చిన్నప్పుడే జ్వరంతో పోయింది. ఆ ముక్కుపుడక సంగతి ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"తిని అందరూ పోయినారు. ఎవరి దారి వాళ్లకు తెలుసు. నాకు తెలీదు. నేను యాడ నుంచీ రాలేదు కదా... యాడికి పోవల్ల?"

రాయలవారిని తలుచుకుందామని భీమాబాయి నోరు తెరిచింది. ఎన్నో ఏళ్లుగా నిద్రలో కూడా తప్పని శ్లోకం. మొదటి అక్షరం పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అక్కడే తట్టుకుంది. మాట గొంతులో ఉంది, బయటికి రాదు. ఊపిరి ఆడదు. మనవరాలు రోజూ పడే పాటు ఇదే కదా అనుకుంది. ఆ బాధ ఇంతని ఇన్నేళ్లలో ఒక్కసారీ తెలియలేదు.

చాప గరగరమంది.

ఎవరో దాని మీదికి వచ్చి కూర్చున్నారు. అపూర్వ తల దగ్గర.

"అజ్జీ, నేను ఎప్పుడు పుట్టినా?"

భీమాబాయి చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకుంది.

"అందరివీ చెప్తావంట కదా. నాదీ చెప్పు. గోత్రం ఇచ్చినారు. అమ్మనూ నాయననూ ఇచ్చినారు. పుట్టింది మాత్రం ఇయ్యలేదు. అది లేకుంటే పోవడానికీ లేదు, ఉండడానికీ లేదు."

"నా... నాకు తె... తెలీదు తల్లీ."

"తెలీదా?" గొంతులో కోపం లేదు. చిన్నపిల్లలు పంచుకునేటప్పుడు అడిగినట్లు అడిగింది. "అయితే అపూర్వది తీసుకుంటా."

అపూర్వ ఊపిరి వినపడటం ఆగిపోయింది.

భీమాబాయి చీకట్లో పాక్కుంటూ పోయింది. చేతికి చాప తగిలింది. తడి. పిల్ల చెయ్యి తగిలింది. చల్లగా ఉంది. ఇంకా పైకి తడిమింది. పిల్ల గొంతు మీద... ఇంకొక చెయ్యి ఉంది. చిన్నది. తడిది. ఇసుక అంటుకొని ఉంది.

"శ్రావణం!" అని అరిచింది భీమాబాయి. "శ్రావణ మాసంలో పుట్టినావు. శుక్రవారం. మాధవరంలో. వాన పడుతోంది. దాన్ని వదులు... వదులమ్మా, చెప్తాండా కదా."

"పగలా, రాత్రా?"

"తెల్లవారుజామున."

"అమ్మ ఏమనె?"

"ఆడపిల్ల అని సంతోషపడింది."

"నన్ను మొదట ఎవరు ఎత్తుకొనె?"

భీమాబాయి ఏడుస్తోంది. "నేనే. నేనే ఎత్తుకున్నా."

తర్వాత చీకట్లో ఎవరో తృప్తిగా నిట్టూర్చినట్లు వినిపించింది. చెయ్యి జారిపోయింది. అపూర్వ నీళ్లలోంచి తేలినట్లు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకొని లేచి కూర్చుంది.

కరెంటు వచ్చింది. బయట స్కూటరు ఆగింది.

గురురాజ మొదట నమ్మలేదు. చాప మీద గుప్పెడు తడి ఇసుక చూసి కూర్చుండిపోయినాడు. వారిజ పూల పొట్లం విప్పకుండా చేతిలో పట్టుకొని అట్లే నిలబడింది.

అపూర్వ అంతా విని, కళ్లు తుడుచుకొంది.

"చె... చెప్పినా కదా. పు... పుట్టలేదని." ఒక్కొక్క మాటా పెళ్లగించి తీసింది. "ఆ... ఆటలో తుంగకు ఇల్లు దొరకాల్సింది. ఆ... ఆ రోజే. అక్కడ మీరు ఆ... ఆపినారు."

"ఆడితే పోతుందా?" అన్నాడు గురురాజ.

"దా... దాని ఇల్లు అక్కడే ఉంది నాన్నా."

ఆ రాత్రి నలుగురూ దీపం ఆర్పకుండా, ఒకరినొకరు ఆనుకొని కూర్చున్నారు.

మర్నాడు తెల్లవారగానే గురురాజ స్నానం కూడా చేయకుండా బయలుదేరినాడు. దసరా సెలవులు. బడి వాచ్‌మన్ హనుమన్నను ఇంట్లోంచి లేపి తాళం తీయించి, పాచికా పటమూ తెచ్చినాడు. వస్తూ వస్తూ స్వప్ననూ ఉదయ్‌నూ తానే పిలుచుకొచ్చినాడు. ఆ ఇంట్లో నవరాత్రి మొదటి రోజు పొద్దున్నే కలశం పెట్టకపోవడం అదే మొదటిసారి. కలశం పెట్టవలసిన చోట క్యాలెండరు వెనక గీసిన ఏరు పరిచినారు.

"అవ్వా, మీరు కూడా ఆడతారా?" అంది స్వప్న నమ్మలేనట్లు.

"కూర్చుంటానమ్మా. కోపం పెట్టుకోకు."

"గాడిద వేషం ఖాళీగా ఉంది" అన్నాడు ఉదయ్. స్వప్న వాని మోకాలి మీద ఒకటి వేసింది. చాలా రోజుల తర్వాత అపూర్వ పెదవి చివర నవ్వు కనిపించింది. భీమాబాయికి ప్రాణం కుదుటపడింది.

పాచిక దొర్లింది. కమ్మరీ దొంగా ఏరు దాటినారు. ఒడ్డున పుట్టి పక్కన తుంగ నిలబడి ఉంది. "మా ఇంటికి రా" అని కమ్మరి పిలిచింది. ఇప్పుడు తుంగ జవాబు చెప్పాలి. అపూర్వ వెన్ను నిటారుగా పెట్టి, తుంగ మాట్లాడేటప్పుడు ఎత్తినట్లే గడ్డం ఎత్తి, నోరు తెరిచింది.

"వ... వ..."

ఆగింది. మింగింది. మళ్లీ మొదలుపెట్టింది.

"వ... వ... వ..."

స్వప్న ముఖంలో నవ్వు పోయింది. తుంగ మాటకు ఎప్పుడూ నత్తి రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు.

అపూర్వ భీమాబాయి వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు. "అ... అజ్జీ. అది నా ద... దగ్గర లేదు."

వంటింట్లోంచి వారిజ పిలిచింది. "ఉప్పిండి అయింది. రండి, వేడిగా తిందురు."

"వస్తాండా అమ్మా!"

గలగలమని వచ్చింది ఆ మాట. ఇంటి లోపలి నుంచి. ముందరింట్లో ఎవరి పెదవులూ కదలలేదు.

"చేతులు కడుక్కొని రావే" అంది వారిజ లోపల, ప్లేట్లు సర్దుతూ. రోజూ అనే మాటలాగే అంది. "నిన్నటి నుంచీ ఒకటే ఆకలి నీకు."

గురురాజ అపూర్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. భీమాబాయి కోడల్ని కేకేయాలనుకుంది. అట్లాంటి పిల్ల మనకు లేదే వారిజా, ఎప్పుడూ లేదే అని చెప్పాలనుకుంది. ఈ వంశంలో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పగలిగింది తను ఒక్కతే కదా.

నోరు తెరిచింది. తెరిచేసరికి మాధవరంలో ఆ తెల్లవారుజాము గుర్తుకొచ్చింది. వాన. చూరు కింద ఇత్తడి బిందె నిండి పొర్లుతుండటం. మంత్రసాని అంజనమ్మ పాత ధోవతి ముక్కలో చుట్టి బిడ్డను అందించడం. ఎడమ చెవి వెనక గోరంత మచ్చ, అపూర్వకు లేనిది.

వానా, శుక్రవారమూ రాత్రి తను చెప్పినవే. అంజనమ్మ సంగతి చెప్పలేదు. ఆ మచ్చ సంగతి అసలే చెప్పలేదు.